ఎత్తిన గొడ్డలి కింద

లాస్యతో ఆటకు కూర్చోవాలంటే ముందు కడుపునిండా తిని కూర్చోవాలని వినోదకు అనుభవం మీద తెలిసింది. అష్టాచెమ్మాలో ఒక్క కాయ జరపడానికి ఆ పిల్ల పావుగంట తీసుకుంటుంది. గవ్వలు ఎప్పుడో పడి ఉంటాయి, లెక్క నాలుగని ఇద్దరికీ కనబడుతూనే ఉంటుంది. అయినా కాయలన్నిటి వంకా తిప్పి తిప్పి చూసి, "ఆగమ్మా, ఆలోచిస్తున్న" అంటుంది. ఈలోపు వినోద లేచి వెళ్లి, కుక్కరు దింపి, పప్పుకు పోపు పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నా వంతు ఇంకా లాస్యదే.

"నిదానమే ప్రధానమన్నరు గానీ బిడ్డా, నీ నిదానం చూస్తే ఆ ప్రధానం గూడ విసుగొచ్చి లేచిపోతది."

"నీకేమో అన్నీ ఉరుకులే. ఓడిపోతవ్ చూడు."

ఓడిపోయేది కూడా. ఓడిపోయిన ప్రతిసారీ కూతురి మీద కోపం నటించి, లోపల మురిసిపోయేది వినోద.

హనుమకొండలో రెండు గదుల ఇల్లు, తల్లీకూతుళ్లిద్దరే. లాస్యకు మూడో ఏడు నడుస్తుండగా భర్త వేరే కాపురం పెట్టుకుని వెళ్లాడు. దాని గురించి ఏడవడం వినోద ఎప్పుడో మానేసింది. ఇప్పుడు లాస్యకు పద్నాలుగు. రెండేళ్ల కింద బడి మెట్లు ఎక్కుతూ పడిపోతే, గుండె కండరం పలచబడే జబ్బని తేలింది. మందులు మార్చారు, ఊర్లు మార్చారు, చివరికి మొన్న జూన్‌లో డాక్టరు లాస్యను బయట కూర్చోబెట్టి వినోదకు ఒక్కదానికే చెప్పాడు. పది వారాలు. వారం అటో ఇటో.

"ఉన్న టైమును మంచిగ గడపండమ్మా," అన్నాడాయన.

అంత మాటలో వినోద చెవిలో నిలిచింది ఒక్క ముక్కే, టైము. ఎందుకంటే ఆమె చేసే పని అదే.

వినోద వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీలో పోరాటాలు కూర్చే మనిషి. ఇనుప సామాన్ల కొట్టు పైన రెండు హాళ్లు, ఐదుగురు పనివాళ్లు, ఒకే ఒక్క ఏసీ. నాలుగేళ్లుగా వాళ్లంతా కలిసి 'పాలగుట్ట దారి' అనే గేము చేస్తున్నారు. ఆడేవాళ్లు అందులో ఒక పిల్లగా మారి, ఇద్దరిని తోడు వెంటబెట్టుకుని, గుట్ట మీది ఊటనీళ్ల కోసం నడుస్తారు. దారిలో రాక్షసులు అడ్డం వస్తారు. కొట్టాలి, గెలవాలి, మళ్లీ నడవాలి. ఎంతసేపు కొట్టాలి, ఎంతసేపు నడవాలి అన్నదే ఇలాంటి గేములో అసలు కిటుకు. కూరలో ఉప్పులాంటిది అది, ఎక్కువైనా తక్కువైనా విస్తరి వదిలేసి లేస్తారు.

ఆ కిటుకు కోసమే యాకూబ్ 'గడియ' తయారుచేశాడు. యాకూబ్ ఆ ఆఫీసులో ప్రోగ్రామరు, వినోద కంటే పదేళ్లు చిన్న, అక్కా అని పిలుస్తాడు. గడియ అంటే తలకు చుట్టుకునే పట్టీ. ఆడే మనిషి మనసు ఎంత వేగంగా నడుస్తుందో చూసి గేమును ఆ వేగానికి నడపడం దాని పని. కానీ వాళ్లనుకున్నదొకటి, అయిందొకటి. పట్టీ మనసు వెంట గేమునే కాదు, గేము వెంట మనసును కూడా నడపసాగింది. బండి మీంచి జారిపడ్డవాళ్లను అడిగితే, పడే ఆ ఒక్క క్షణంలో రోడ్డు మీది గులకరాళ్లు కూడా లెక్కపెట్టానంటారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషికి క్షణం సాగుతుంది. గడియ ఆ సాగిన క్షణాన్ని పట్టుకుని వదలకుండా ఉంచుతుంది. మొదటిసారి పెట్టుకున్న యాకూబ్ పావుగంట తర్వాత పట్టీ తీసి, "అక్కా, ఇయ్యాల ఏం వారం?" అని అడిగాడు. లోపల అతనికి ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోయాయి.

అక్కడ మొదలైంది వాదం. పోరాటాలు రెండు రకాలుగా చేసి పెట్టారు. మొదటిదాని పేరు 'ఉరుకు'. అందులో రాక్షసుడు ఆగడు, నువ్వూ ఆగకూడదు, కొడుతూ తప్పుకుంటూ ఉరకాలి. రెండోది 'వంతు'. అందులో నువ్వు ఒక దెబ్బ వేస్తే వాడు ఒక దెబ్బ వేస్తాడు. నీ వంతు వచ్చినప్పుడు వాడు చెయ్యి ఎత్తినవాడు ఎత్తినట్టే బొమ్మలా నిలబడిపోతాడు. నువ్వు ఏదో ఒకటి చేసేదాకా కదలడు. ఆ సమయంలో తోడు వచ్చినవాళ్లతో మాట్లాడుకోవచ్చు, ఆలోచించుకోవచ్చు.

"వంతేందక్కా, రేషన్ దుకాణం లైనా? పోరగాండ్లు నిద్రపోతరు," అనేవాడు యాకూబ్.

"నీ ఉరుకుల బుర్రకు పనేముంది? వేళ్లే ఆడుతయ్," అనేది వినోద.

నెలరోజులు రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలిచారు. ఉరుకులో గంట ఆడితే లోపల నాలుగు రోజులు. కానీ బయటికి వచ్చిన మనిషి చొక్కా పిండితే నీళ్లు కారేవి, గుండె దడదడ కొట్టుకునేది. పైగా పోరాటం అయిపోయి హాయిగా వాగు ఒడ్డున నడిచే భాగం వచ్చిందంటే కాలం చిటికెలో దొర్లిపోయేది. భయం ఉన్నచోటే కాలం సాగింది, సుఖం ఉన్నచోట ముడుచుకుపోయింది. వంతులో సంగతి వేరు. పది నిమిషాలు ఆడితే మూడు రోజులు, గుండె మాత్రం నెమ్మదిగానే ఉండేది. దెబ్బ తగలడం కంటే దెబ్బ కోసం చూడడమే కాలాన్ని ఎక్కువ సాగదీస్తుందని తేలింది. వినోద గెలిచింది. యాకూబ్ అందరికీ ఇరానీ చాయ్ తెప్పించాడు.

డాక్టరు మాట విన్న మర్నాడు వినోద ఆఫీసులో కాగితం మీద లెక్క వేసింది. పది నిమిషాలకు మూడు రోజులైతే గంటకు పద్దెనిమిది. రోజుకు ఒక గంట, అరవై రోజులు. మూడేళ్లు. మూడేళ్లంటే పదో తరగతి, రెండేళ్ల ఇంటర్. ఆ కాగితాన్ని గుండెకు హత్తుకుని బాత్రూములో కూర్చుని ఏడ్చింది. అది ఏడుపో సంతోషమో ఆమెకే తెలియలేదు.

"పిల్ల మీద ఇంకా చూడలే అక్కా మనం," అన్నాడు యాకూబ్.

"ఇంకెప్పుడు చూస్తవ్? పదకొండో వారంలనా?"

అతను తానే పట్టీ కురచ చేసి లాస్య తలకు సరిపడేలా కుట్టాడు.

మొదటి మూడుసార్లు పది పది నిమిషాలు. పట్టీ తీయగానే లాస్య లేచి కూర్చుంది.

"అమ్మా, నేను ఉరికిన! గుట్ట మీదికి ఉరికిన. ఆయాసమే రాలే. ఇంకో సంగతి తెలుసా, పడవ మల్లవ్వది నీ గొంతే."

తోడు వచ్చే ఇద్దరిలో ఒకరు పడవ నడిపే మల్లవ్వ, ఇంకొకరు కమ్మరి బొందయ్య. నటుల చేత మాట్లాడించేదాకా ఉండనీలే అని, మల్లవ్వ మాటలు వినోద, బొందయ్య మాటలు యాకూబ్ తమ ఫోన్లలోనే చెప్పి అతికించారు. తలా ఆరు మాటలు, అంతే. ఎక్కువ ఎందుకు రాయలేదంటే, ఆఫీసులో గేము పరీక్షించే ఐదుగురిలో ఏ ఒక్కరూ మాటలు వినరు. తోడు మనిషి నోరు తెరవగానే మీట నొక్కి దాటేస్తారు. రోజుకు నలభైసార్లు ఆడేవాళ్లకు మాటలు అడ్డం. అందుకే ఆరు చాలనుకున్నారు.

నాలుగోసారి గంటసేపు ఆడిద్దామని వినోద నిర్ణయించింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక లాస్యను ఆఫీసు సోఫాలో పడుకోబెట్టి, తల కింద దిండు సర్ది, చెవి దగ్గర వంగి చెప్పింది.

"ఇను బిడ్డా. ఎంత ఆగితే అంత టైము. తొందరపడి కొట్టకు. నీ వంతొచ్చిందంటే గట్టిగ పట్టుకొని కూసో. నీకు తెలుసుగదా, నీకంటే నిదానం ఎవరికుంది."

"సరే అమ్మా."

"మాటియ్యి."

లాస్య నవ్వి చేతిలో చెయ్యి వేసింది.

పక్కనున్న తెరమీద 'పోరు ఒకటి' అని పడింది, అయిపోయింది. పోరు రెండు, అయిపోయింది. మూడో పోరులో కొండరాకాసి గొడ్డలి ఎత్తి వచ్చాడు. 'వంతు: లాస్య' అని పడింది. పడి అలాగే ఉండిపోయింది.

ఐదు నిమిషాలు. పది నిమిషాలు. నాడి బాగానే ఉంది, ఊపిరి బాగానే ఉంది.

"అక్కా, మనోళ్లల్ల ఎవ్వరు గూడ అర నిమిషం మీద ఆగలే," అన్నాడు యాకూబ్. "ఇదెట్ల లెక్క?"

"అది ఆలోచిస్తుంది. అష్టాచెమ్మా ఆడి చూడు, నీకు తెలుస్తది."

ఇరవై నిమిషాలు. యాకూబ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వంతు మధ్యలో పట్టీ లాగితే మూర్ఛ వస్తుంది, తీయడానికి లేదు. వినోదకు తీయాలన్న ఆలోచన కూడా లేదు. కూతురు చెప్పినమాట వింటోందని, ఒక్కో నిమిషం కూడబెట్టుకుంటోందని ఆమె సంబరం. స్టూలు మీద కూర్చుని లాస్య పాదాలు ఒత్తుతూ, లోపల ఎన్ని రోజులైందో వేళ్లమీద లెక్కపెట్టుకుంది. పన్నెండు, పదమూడు అనుకుంది.

నలభై రెండో నిమిషంలో తెర కదిలింది. లాస్య దెబ్బ వేసింది. గుట్ట కదిలినట్టు రాకాసి కూలాడు. యాకూబ్ ఒక్క దూకున వచ్చి పట్టీ విప్పాడు.

లాస్య కళ్లు తెరిచి పైకప్పు చూసింది. ఫ్యాను చూసింది. తన చేతులు ఎత్తి, వేళ్లు ముడిచి తెరిచి చూసుకుంది. తర్వాత వినోద వైపు తిరిగి, కొత్త ఊర్లో అడ్రసు అడిగే మనిషి చూసినట్టు చాలాసేపు చూసింది.

"ఏమైంది బిడ్డా? నొప్పి లేస్తుందా? నీళ్లు తాగుతవా?"

ఆ మాటకు లాస్య మొహం ఒక్కసారిగా బద్దలైంది. పెద్దవాళ్లు ఏడ్చినట్టు, చప్పుడు లేకుండా భుజాలు కుదుపుతూ ఏడ్చింది.

"మళ్లా అను," అంది. "ఇంకోటి ఏదన్న అను."

యాకూబ్ పరుగున పోయి గేము రాసుకున్న చిట్టా తెరిచాడు. ఆ లోకంలో సూర్యుడు ఆడే మనిషి మనసు వేగాన్ని బట్టి పొడుస్తాడు. రాకాసి నిలబడిపోయినా సూర్యుడు నిలబడడు. ఎన్నిసార్లు పొడిచాడో చిట్టాలో ఉంది. యాకూబ్ ఆ అంకెను ఒకసారి చూసి, కళ్లు తుడుచుకుని ఇంకోసారి చూసి, తెరను వినోద వైపు తిప్పాడు. నాలుగు వేల నూట పన్నెండు.

పదకొండేళ్లు దాటింది.

వాళ్లు చేసిన తప్పు అప్పటికి తెలిసింది. ఆగే కొద్దీ కాలం సాగుతుంది, సాగిన కాలంలో ఇంకా ఆగితే ఆ సాగింది మళ్లీ సాగుతుంది. ఆఫీసులో ఓపికగా ఆగే మనిషి ఒక్కడూ లేడు కాబట్టి ఆ సంగతి ఎవరికీ కనబడలేదు. తొందరపాటు మనుషుల మీద కొలిచి, ఊరు మొత్తంలో అందరికంటే నిదానమైన పిల్ల తలకు కట్టారు. పిల్ల నిదానం తల్లికి తెలియనిదా? తెలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ అంకె ముందు నిలబడి వినోద తన చెంపలు తానే వాయించుకుంది.

*

లాస్య ఆ సంగతులు వెంటనే చెప్పలేదు. నాలుగు రోజుల మీద, వినోద జడ వేస్తుంటే, కొంచెం కొంచెంగా చెప్పింది. మాట చాలా పొదుపుగా వచ్చేది. రెండు మాటల మధ్య వినోద ఒక పాయ పూర్తిగా అల్లేది.

"గొడ్డలి నా నెత్తిమీద మూరెడు పైన ఉండేదమ్మా. వాడు ఎత్తినోడు ఎత్తినట్టే ఉన్నడు. మొదటి ఏడాది నిద్ర పట్టలే. తర్వాత తర్వాత దాని మీద నా కండువ ఆరేసుకునేదాన్ని."

"మరి కొట్టకపోయినవా తల్లీ..."

"మాటిచ్చిన గదా. ఇంకోటి, కొడ్తె వాడు పడకపోతే? ఆట అయిపోతది, ఈడికొస్త, ఈ గుండెకాయ. ఆడ నొప్పి లేదు. ఇంకో రోజు ఆగుదాం, ఇంకో రోజు ఆగుదాం అనుకున్న."

వినోద అల్లిన పాయ విప్పి మళ్లీ అల్లింది.

"మల్లవ్వతోటి మాట్లాడేదాన్ని. ఆరే మాటలు గదా ఆమెకు. 'నీళ్లు చల్లగున్నయ్.' 'ఎటు పోదామంటవు.' 'నేనీడ్నే ఉన్న.' అసోంటియి. జవాబులు మారయి, అందుకని నేను ప్రశ్నలు మార్చుకున్న. అమ్మా, ఇయ్యాల ఏం వండినవ్ అంటే, 'నీళ్లు చల్లగున్నయ్' అనేది. ఓహో, ఇయ్యాల వండలేదు అనుకునేదాన్ని. అమ్మా, నా మీద కోపమా అంటే, 'ఎటు పోదామంటవు' అనేది. లేదు, కోపం లేదు అనుకునేదాన్ని. అట్ల నడిపిచ్చిన. బొందయ్య తోటి ఎక్కువ మాట్లాడలే. ఆయన ఆరు మాటలు పెండ్లి ముచ్చట్లే, యాకూబ్ మామ గొంతుల బాగుండలే."

వినోదకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి పొలమారింది. లాస్య వెనక్కి చెయ్యి చాపి, పెద్దదానిలా తల్లి వీపు మీద తట్టింది. పద్నాలుగేళ్ల చెయ్యే, తట్టడం మాత్రం ఇరవై అయిదేళ్ల మనిషి తట్టినట్టుంది. తన కూతురు పెరిగి పెద్దయిందని, ఆ పెరగడంలో ఒక్క రోజు కూడా తాను చూడలేదని వినోదకు అప్పుడు తెలిసివచ్చింది. ఆ బాధ జబ్బు బాధ కంటే ఏమీ తక్కువ లేదు.

"మరి ఎందుకు కొట్టినవ్, ఆఖరికి?"

"నీ మొఖం మర్చిపోయిన. ఎంత తల్సుకున్న యాదికి రాలే. గొంతే ఉంది. ఆ గొంతుల ఏడో మాట ఎట్లుంటదో వినాలనిపించింది. సస్తే సస్త అని కొట్టిన."

వినోద ఆ రోజు జడ పూర్తి చేయలేకపోయింది.

*

బుద్ధి ఉన్నవాళ్లయితే ఆ పట్టీని తీసుకెళ్లి వడ్డేపల్లి చెరువులో పారేసేవాళ్లు. వినోదకు బుద్ధి ఎప్పుడూ పనిలోంచే వచ్చేది. తప్పు దొరికితే దిద్దాలి, దిద్ది మళ్లీ ఆడించాలి. పదిహేనేళ్లుగా ఆమె చేసింది అదే. ఆరు మాటలే కదా తప్పు, అరవై వేలు రాద్దాం అనుకుంది. ఈసారి గొడ్డలి ఉండదు, మంచి ఇల్లు ఉంటుంది, చదువుకోవడానికి పుస్తకాలు ఉంటాయి. కాలం సాగడానికి భయం కావాలి కాబట్టి, దూరాన ఎక్కడో ఉరుము లాంటిది ఏదో పెడదాం.

"నేనూ ఇంకో పట్టీ కట్టుకొని నీతోటే వస్త," అంది లాస్యతో.

అది కాదని యాకూబ్ అప్పటికే లెక్క చూసి చెప్పాడు. ఇద్దరి మనసులు ఒకే వేగంతో సాగవు. లాస్య నిదానానికి వినోద తూగలేదు. లోపల వినోద ఒక మాట మొదలుపెట్టి పూర్తి చేసేసరికి లాస్యకు రెండు వానాకాలాలు వెళ్లిపోతాయి.

"వద్దమ్మా. నేను పోను," అంది లాస్య.

"ఏడేండ్లో ఎనిమిదేండ్లో దొరుకుతయ్ బిడ్డా! ఈడ ఏమున్నయ్? ఏడు వారాలు. ఏడు వారాలే!"

"తెలుసు."

"తెలిసీ వద్దంటవా? నీకోసం నేను..."

"అరవై వేలు రాసినా అయిపోతయ్ అమ్మా. అయిపోయినంక మళ్లా ప్రశ్నలు మార్చుకోవాలె. నాకు ఓపిక లేదు."

లాస్య నోట ఓపిక లేదన్న మాట రావడం అదే మొదటిసారి. అయినా వినోద వినలేదు. రాసి చూపిస్తే ఒప్పుకుంటుందిలే అనుకుంది. పక్కింటి సారమ్మను తోడుంచి పొద్దున్నే ఆఫీసుకు పోయేది, పొద్దుగూకాక వచ్చేది. మల్లవ్వకు మాటలు రాసేది. వానొస్తే అనే మాట, జ్వరమొస్తే అనే మాట, పుట్టినరోజుకు అనే మాట. రాసి, ఫోను దగ్గర పెట్టుకుని చెప్పేది. గొంతు బొంగురుపోయింది. ఇంటికి వచ్చాక మాట్లాడలేక సైగలు చేసేది. లాస్య చూసేది, తల్లికి వేడినీళ్లలో ఉప్పు కలిపి ఇచ్చేది.

ఆరో రోజు యాకూబ్ వచ్చి ఆమె ముందున్న మైకు తీగ పీకేశాడు.

"ఏందిరా!"

"అక్కా, తప్పుగ అనుకోకు. ఇంట్ల బిడ్డ ఉంది. నువ్వు ఈడ కూసోని బొమ్మకు ముచ్చట చెప్తున్నవ్."

వినోద అతన్ని కొట్టడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత దించి, బ్యాగు తీసుకుని, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా మెట్లు దిగిపోయింది. ఆటోలో దారి పొడుగునా ఆరు రోజులు, ఆరు రోజులు అనుకుంటూనే ఉంది. యంత్రం ఇచ్చిన పదకొండేళ్ల కంటే తాను పోగొట్టిన ఆ ఆరు రోజులే ఆమెను ఎక్కువ కోశాయి. మొదటిది తెలియక చేసింది, ఇది తెలిసి చేసింది.

లాస్య తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

"బెండకాయ తెమ్మంటే సారమ్మ దొండకాయ తెచ్చింది," అంది.

"ఆమెకు కండ్లు నెత్తిమీద ఉంటయ్," అంది వినోద బొంగురు గొంతుతో. "పోయిన సారి గూడ గంతే చేసింది. కొత్తిమీర తెమ్మంటే పుదీన తెచ్చి, రెండు ఒక్కటే కదా వినోదక్కా అన్నది. ఒక్కటే ఎట్లయితది, నువ్వే చెప్పు?"

లాస్య కళ్లు మూసుకుని వింది, ఆకలి మీద ఉన్నవాళ్లు అన్నం తిన్నట్టు. "ఇంకా?" అంది.

*

ఆ తర్వాత మిగిలింది ముప్పై మూడు రోజులు. వినోద ఆఫీసుకు మళ్లీ పోలేదు. యాకూబే సాయంత్రాలు వచ్చేవాడు, కూర్చుని లాస్యతో ఓడిపోయి వెళ్లేవాడు. పదకొండేళ్లు ఆగి ఆగి ఉన్న ఆ పిల్లకు మామూలు కాలం ఏమాత్రం చాలేది కాదు. "పొద్దుగాల లేస్తున్న, పండ్లు తోముకుంటున్న, అంతల్నే చీకటైతుందమ్మా" అనేది. వినోదకూ అలాగే ఉండేది. ఆ రోజు బ్యాగులో లాప్‌టాప్‌తో పాటు వచ్చిన పట్టీ ఇంట్లో బీరువాలోనే ఉంది, ఒక్క పది నిమిషాలు కడితే మూడు రోజులు కదా అని చెయ్యి అటు లాగేది. రెండుసార్లు బీరువా దాకా వెళ్లి వచ్చింది. రెండోసారి లాస్య చూసింది.

"వద్దు," అంది. "ఈ టైము దిక్కుమాలినదే గావచ్చు, తొందరగ అయిపోతే అయిపోనీ. ఇది నీతోటి."

వాళ్లు గొప్ప పనులేమీ చేయలేదు. వడియాలు పెట్టారు, వాన వచ్చి తడిశాయి, వినోద వానను తిట్టింది. లాస్య ఆ తిట్లు మళ్లీ తిట్టించుకుంది. పదకొండేళ్లలో ఆ గొంతు తనను ఒక్క తిట్టు కూడా తిట్టలేదని, కొన్ని తనకూ పెట్టమని అడిగింది. తల్లి తిట్టింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వితే లాస్యకు ఆయాసం వచ్చేది, అయినా నవ్వించమనేది. వినోద తన చిన్నప్పటివి, పెళ్లప్పటివి, సిగ్గుపడి ఎవరికీ చెప్పనివి, అన్నీ చెప్పింది. ఏది ముందు ఏది వెనక అన్న వరస లేకుండా, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దూకుతూ, మధ్యలో పోపు మాడితే లేచిపోతూ చెప్పింది.

చివరి రోజు మధ్యాహ్నం లాస్య పెదవులు నీలంగా ఉన్నాయి. డాక్టరు వచ్చి చూసి, సూది వేసి, వినోద భుజం మీద చెయ్యి పెట్టి వెళ్లాడు. లాస్య తల్లి ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది.

"కొత్తది చెప్పు," అంది.

"ఏడో తరగతిల మమ్ముల జూపార్కుకు తోల్కపోయిండ్రు. చెప్పలే గదా ఇది?"

"చెప్పలే."

"పొద్దుగాల ఐదింటికే బస్సు. పోంగ భోన్గిరి కాడ టిఫిన్లకు ఆపిండ్రు. ఆ హోటలాయన మిర్చీలు వేస్తుండు, ఏం వాసన! నేనొకటి తిన్న. ఇంకోటి తిందామని పోయి నిలబడ్డ. తిరిగి చూస్తే బస్సు లేదు."

"అయ్యో." లాస్య పెదవులు నవ్వాయి. "తర్వాత?"

"తర్వాత ఏముంది, ఒక చేతిల మిర్చి, ఇంకో చేతిల నా వాటర్ బాటిల్. ఏడ్సుడు మొదలువెట్టిన. ఏడ్సుకుంటనే మిర్చి తింటున్న. హోటలాయన చూసి, ఏడ్వకు బిడ్డా, ఇంకోటి తినమని..."

ఒళ్లో తల బరువు మారింది. తల్లులకు ఆ బరువు తెలుస్తుంది. వినోదకు తెలిసింది. కిందికి చూడలేదు. తల కింద చెయ్యి సర్దింది, నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి దువ్వింది.

"...ఇంకోటి తినమని చేతిల పెట్టిండు," అంది. "అదీ తిన్న. మూడయినయ్. అంతల్నే దుమ్ము లేపుకుంట బస్సు వెనకకొచ్చింది. రాజలింగం సారు దిగి చెవు పట్టుకుండు. పోరీలందరు కిటికీలల్లకెళ్లి చూసుకుంట నవ్వుతున్నరు. నాకు సిగ్గు. జూ ల పులిని చూసిన్నో లేదో గూడ యాదికి లేదు. ఇంటికొచ్చి ఎవ్వరికీ చెప్పలే, కడుపు నొప్పని పన్న. మా అమ్మ పక్కన కూసోని కడుపు మీద చెయ్యి తోటి రాసింది, నిద్రపోయేదాక."

అయిపోయింది. ఇక చెప్పడానికి అందులో ఏమీ మిగల్లేదు. అప్పుడు వినోద కిందికి చూసి, కూతురి మొహం మీద మొహం పెట్టి ఏడ్చింది.